దరఖాస్తులో రాసిన బుధవారం

ప్రజారోగ్యంలో మాస్టర్స్ చదవాలన్న ఆలోచన మొదట నాది కాదు, మా డాక్టరమ్మది. పొందూరు దగ్గర ఒక ఊళ్లో, ఆరోగ్య కేంద్రంలో నేను నర్సుని. అప్పటికి నాకు నలభై ఒకటి నిండాయి. వారానికోసారి మా కేంద్రానికి వచ్చే డాక్టరమ్మ నాకంటే పన్నెండేళ్లు చిన్నది. ఒక మధ్యాహ్నం రోగులంతా వెళ్లిపోయాక ఇద్దరం క్యారేజీలు విప్పుకుని తింటున్నాం. అప్పుడంది.

"అక్కా, మీ రిజిస్టర్లు చూస్తుంటాను. అందరూ అంకె వేసి వదిలేస్తారు. మీరు ఆ పక్కన ఎందుకో ఏమిటో కూడా రాసుకుంటారు. ఎం.పి.హెచ్. చేయొచ్చు కదా? ఇప్పుడు ఆన్‌లైన్లో ఉంది. ఉద్యోగం మానక్కర్లేదు."

నేను నవ్వేసి పెరుగన్నం కలుపుకున్నాను. కానీ ఆ మాట నాతోపాటు బస్సెక్కి అరసవల్లి దాకా వచ్చింది. ఇంటికి రాగానే మా అమ్మాయికి చెప్పాను. అది ఇంటర్ రెండో సంవత్సరం. కాళ్లు కడుక్కుని వచ్చేలోపే లాప్‌టాప్ తెరిచి, "అమ్మా, బీఎస్సీ నర్సింగ్ ఉంటే చాలంట. వయసు అడగలేదు. రెండేళ్లు. క్లాసులు ఆదివారాలు," అని చదివి వినిపించింది.

మా ఆయన రైల్వేలో పనిచేస్తాడు. కొత్తవలసలో డ్యూటీ. వారానికోసారి ఇంటికొస్తాడు. ఫోన్ చేసి అడిగితే, "సదువుకో. నాకేటి అభ్యంతరం? కాకపోతే నువ్వు పరీక్షలంటే రెండ్రోజులు అన్నం మానేస్తావు. అదొక్కటే నాకు భయం," అన్నాడు. పెళ్లయిన కొత్తలో కాంట్రాక్టు ఉద్యోగానికి పరీక్ష రాసినప్పుడు అలాగే చేశాను. ఆ సంగతి ఆయనకింకా గుర్తుంది.

దరఖాస్తు పూర్తి చేయడానికి మూడు వారాల గడువుంది. పేరు, ఊరు, మార్కులు అన్నీ ఒక్క సాయంత్రంలో అయిపోయాయి. తరవాత రెండు చోట్ల ఆగిపోయాం. ఒకటి వ్యాసం: ప్రజారోగ్యం ఎందుకు చదవాలనుకుంటున్నారో మీ మాటల్లో రాయండి అని ఉంది. రెండోది సిఫారసు ఉత్తరాలు. ఒకటి పై అధికారి రాయాలి, ఇంకొకటి మనకి పాఠం చెప్పినవాళ్లు రాయాలి.

వ్యాసం ఎలా ఉంటుందో నాకు తెలియదు. మా అమ్మాయి ఇంటర్నెట్‌లో నాలుగైదు నమూనాలు వెతికింది. వాటిని చూసి ఇద్దరం కూర్చుని ఒకటి తయారుచేశాం. చిన్నప్పటి నుంచీ సమాజసేవ అంటే నాకు తపన అనీ, నిరక్షరాస్యుల్లో అవగాహన పెంచడమే నా జీవిత లక్ష్యమనీ ఇంగ్లీషులో బాగా బరువుగా వచ్చింది. చదువుకుంటుంటే ఎవరో గొప్పమనిషి గురించి చదువుతున్నట్టుంది. మర్నాడు దాన్ని డాక్టరమ్మకి చూపించాను. ఆమె చివరి దాకా చదివి, కాగితం బల్ల మీద పెట్టింది.

"అక్కా, ఎంబీబీఎస్ అయ్యాక ఒక చోటికి అప్లై చేశాను. నేనూ సరిగ్గా ఇదే రాశాను. నాకు సీటు రాలేదు."

ఇద్దరం నవ్వుకున్నాం. పై అధికారిగా తన సిఫారసు ఉత్తరం తాను పంపిస్తానంది, వ్యాసం మాత్రం మళ్లీ రాయమంది. ఏం రాయాలని అడిగితే, "మీకు నిజంగా జరిగిందేదైనా," అంది. నాకు నిజంగా జరిగింది ఒకటుంది. అది రాయదగ్గదని నేననుకోలేదు. అసలు ఎవరికీ చెప్పే ఉద్దేశమే లేదు.

రెండో ఉత్తరం కోసం ఆదివారం విజయనగరం వెళ్లాను. నర్సింగ్ చదివింది అక్కడే. మాకు పాఠం చెప్పిన మేడం రిటైరై కంటోన్మెంటు వైపు ఒక మేడ కింద వాటాలో ఉంటున్నారని క్లాసుమేట్ ఒకామె చెప్పింది. నేను వెళ్లేసరికి అప్పుడే చర్చి నుంచి వచ్చినట్టున్నారు. తెల్లచీర మీద నలగని మడతలు, చేతిలో ఇంకా బైబిలు సంచి. నేను ఫలానా బ్యాచ్ అని చెప్పుకున్నాను. ఆమె కళ్లజోడు సవరించుకుని నా మొహంలోకి చాలాసేపు చూశారు.

"నువ్వు నాకు గుర్తులేవమ్మా," అన్నారు.

నాకు మొహం వాడిపోయింది. కాలేజీలో నేను బాగా చదివేదాన్ని కాదు, బాగా అల్లరీ చేసేదాన్ని కాదు. గుర్తుండే కారణమే లేదు. అయినా వచ్చిన పని చెప్పి, ఫారం చూపించాను. నాలుగు వాక్యాలు రాస్తే చాలు మేడం అన్నాను.

"నాలుగు వాక్యాలైనా అబద్ధం ఎలా రాస్తాను? గుర్తులేని మనిషిని గొప్ప విద్యార్థి అని రాయలేను కదా."

లేచి వచ్చేద్దామనుకున్నాను. ఆమె మాత్రం, "కూర్చో. టీ పెడతాను. నువ్వెవరో ఇప్పుడు చెప్పు. ఇరవయ్యేళ్ల కిందటి మనిషి నాకెందుకు? ఇన్నేళ్లలో నువ్వు చేసిన పని ఒక్కటి చెప్పు. మంచిదే కానక్కర్లేదు," అన్నారు.

టీ కప్పు చేతికిచ్చి ఎదురుగా కూర్చున్నారు. ఆ చివరి మాట అనకపోతే నేను కోవిడ్ టీకాల గురించో, కాన్పుల గురించో చెప్పేదాన్ని. మంచిదే కానక్కర్లేదు అనేసరికి నా నోటి నుంచి కంటి శిబిరం సంగతి వచ్చేసింది.

అది అంతకు నాలుగేళ్ల కిందటిది. మా ఊళ్లో ఆడవాళ్లు చాలామంది నూలు వడుకుతారు. ఖద్దరుకి వాడే సన్నని నూలు. పొద్దున్న పని చక్కబెట్టుకుని రాట్నం ముందు కూర్చుంటే మళ్లీ సాయంత్రం దీపాల వేళకే లేస్తారు. వయసు మళ్లినవాళ్లే ఎక్కువ. సగం మందికి కళ్లలో శుక్లాలు. నేను ఇల్లిల్లూ తిరిగి, టార్చిలైటు వేసి చూసి, ఆపరేషన్ అవసరమైన వాళ్ల పేర్లు రాశాను. పట్నం నుంచి కంటి డాక్టర్లు బడిలో శిబిరం పెట్టారు. పరీక్ష చేసి, అదే రోజు వ్యాన్‌లో తీసుకెళ్లి ఆపరేషన్ చేయిస్తామన్నారు. అంతా ఉచితం. రెండు రోజుల ముందే దండోరా వేయించాం. ఆశా కార్యకర్త ప్రతి గడపా ఎక్కింది.

శిబిరానికి మగవాళ్లు వచ్చారు. నూలు వడికే ఆడవాళ్లు ఒకరిద్దరు తప్ప ఎవరూ రాలేదు. డాక్టర్లు మధ్యాహ్నం దాకా చూసి సగం ఖాళీ వ్యాన్‌తో వెళ్లిపోయారు. నాకు తలకొట్టేసినట్టయింది. వారం తిరక్కుండా పైనుంచి రిపోర్టు అడిగారు. రానివాళ్ల పేర్లు, ఎదురుగా కారణం. ఆ గడిలో ఏం రాయాలో ఎవరూ నాకు నేర్పక్కర్లేదు. అందరూ రాసేదే రాశాను. మొదటి పేరుకి ఎదురుగా "అవగాహన లేదు" అని రాసి, కింద ఉన్న పేర్లన్నిటికీ పై విధంగానే అన్నట్టు గుర్తులు పెట్టుకుంటూ వెళ్లాను. అది రాయడానికి నాకు రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

ఏడాది తిరక్కుండానే ఆ పేర్లలో ఒకామె కేంద్రానికి వచ్చింది. అరవై దాటిన మనిషి. కుడికన్ను నిప్పులా ఎర్రబడింది. తల పగిలిపోతోందని, వాంతులవుతున్నాయని చెప్పింది. చూడగానే నాకు భయం వేసింది. ఆటో పిలిచి నేనే శ్రీకాకుళం ఆసుపత్రికి తీసుకెళ్లాను. శుక్లం బాగా ముదిరిపోయి కంట్లో ఒత్తిడి పెరిగింది, నరం దెబ్బతింది, నొప్పి తగ్గించగలం గాని చూపు తేలేం అన్నారు. ఆమె కొడుకు వచ్చేదాకా నేను బెంచీ మీద ఆమె పక్కనే కూర్చున్నాను. ఊరుకోలేక, "అప్పుడు శిబిరానికి వచ్చుంటే ఈ బాధ తప్పేది కదమ్మా," అన్నాను. ఆ మాట ఎందుకన్నానా అని తరవాత చాలాసార్లు అనుకున్నాను.

ఆమె కట్టు కట్టిన కంటి మీద చెయ్యి పెట్టుకుని, "ఆ రోజు బుధారం గదమ్మా," అంది. అంతే. అదేదో నాకు తెలిసిన విషయమే అన్నట్టు.

బుధవారం పొందూరులో ఖద్దరు సంఘంవాళ్లు నూలు తీసుకునే రోజు. వారమంతా వడికి చుట్టిన నూలు చిలపలు ఆ రోజు ఇచ్చి, కూలీ తీసుకుని, వచ్చే వారం వడకడానికి దూది ఏకులు తెచ్చుకోవాలి. ఆ రోజు వెళ్లకపోతే వారమంతా రాట్నం ఖాళీ. నేను ఆ ఊళ్లో అప్పటికి ఐదేళ్లుగా పనిచేస్తున్నాను. బుధవారం పొద్దున్న బస్సులో ఆ ఆడవాళ్లు ఒళ్లో మూటలు పెట్టుకుని కూర్చోవడం ఎన్నిసార్లు చూశానో. శిబిరం తేదీ ఖాయం చేసేటప్పుడు ఒక్కరినీ అడగలేదు.

మరుసటి ఏడు శిబిరం సోమవారం పెట్టించాను. దాదాపు అందరూ వచ్చారు. ఆమెకి ఎడమకంటికి ఆపరేషన్ అయింది. మా వాళ్లు నన్ను మెచ్చుకున్నారు. పాత రిపోర్టు సంగతి మాత్రం నేనెక్కడా ఎత్తలేదు.

ఇదంతా చెప్పేసరికి టీ చల్లారిపోయింది. మేడం నా చేతిలోని కప్పు తీసుకుని బల్ల మీద పెట్టారు. చివర్లో అడిగారు.

"రిపోర్టులో అలా రాశావని ఆవిడకి తెలుసా?"

"తెలియదు మేడం."

"ముందు ఆవిడకి చెప్పు. తరవాత నాకు ఫోన్ చెయ్యి. ఉత్తరం రాస్తాను." తలుపు దాకా వచ్చి అన్నారు, "నిన్ను శిక్షించడానికి కాదమ్మా. ఇది రాస్తావు కదా దరఖాస్తులో? ఆవిడ కన్ను గురించి ఆవిడకి తెలియకుండా ఎలా రాస్తావు?"

తిరుగు రైల్లో నాకు కోపం వచ్చింది. నాలుగు వాక్యాల కోసం వెళితే మెడకి ఒక పని తగిలించి పంపించారనుకున్నాను. ఇంకో లెక్చరర్ ఎవరైనా దొరుకుతారేమోనని ఫోన్లో పేర్లు వెతికాను. శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో దిగేసరికి ఆ కోపం పోయి భయం మిగిలింది. ఆ నూలు వడికే ఆమె ఊరంతా చాటుతుందేమో, రేపటి నుంచి ఎవరూ నా దగ్గర బీపీ కూడా చూపించుకోరేమో.

మంగళవారం ఆమె ఇంటికెళ్లాను. వసారాలో రాట్నం ముందు కూర్చుని ఉంది. మిగిలిన ఒక్క కన్నూ దారం మీదే ఉంది.

"ఏటమ్మా నర్సమ్మా, ఇలగొచ్చినావు? బీపీ సూస్తావేటి?"

"బీపీకి కాదమ్మా. నీతో ఒక మాట చెప్పాలని వచ్చాను."

"సెప్పు మరి. సెయ్యి ఆడతన్నా సెవులు ఇంతాయి."

పీట లాక్కుని కూర్చున్నాను. చెప్పాను. శిబిరానికి రానివాళ్ల గురించి పైవాళ్లు అడిగారనీ, నీ పేరుకి ఎదురుగా అవగాహన లేదని రాశాననీ. రాట్నం తిరుగుతూనే ఉంది.

"అవగాహన అంటే ఏటి?"

"అంటే... తెలియకపోవడం. కంటికి ఆపరేషన్ చేయించుకోవాలని నీకు తెలియదని."

రాట్నం ఆగింది. ఆమె నావైపు తిరిగింది. నేను తలదించుకోకుండా ఉండాలని గట్టిగా ప్రయత్నించాను.

"నాకు తెల్దా?" అంది. గొంతు పెద్దది కాలేదు. "కన్ను మసకేత్తే దారం తెగిపోతాది. తెగిన కొస ఎతుక్కోడానికి నాకెంతసేపు పడతాదో నాకు కాక ఇంకెవులికి తెలుస్తాది? రెండేళ్లు అలగే ఏగినాను. నాకు తెల్దని రాసేసినావా?"

"తప్పు చేశాను."

"నన్నడిగితే సెప్పుదును గదా. అడగనేదు నువ్వు."

"అవును. అడగలేదు."

ఆమె దూదిపోగు ఒకటి వేళ్లతో పట్టుకుని నలుపుతూ కూర్చుంది. వెళ్లిపొమ్మంటుందేమో అనుకున్నాను. లోపలి నుంచి కోడలు మంచినీళ్లు తెచ్చిచ్చింది. తాగడానికి కూడా మొహం చెల్లలేదు గాని తాగాను.

"ఇప్పుడెందుకు సెప్తన్నావు? నాలుగేళ్లయిపోనాది," అని అడిగింది చివరికి.

అప్పుడు చదువు సంగతి చెప్పాను. దరఖాస్తులో ఇదే రాయాలనుకుంటున్నాను, నువ్వు వద్దంటే రాయను అన్నాను. ఆమె మొహంలో మొదటిసారి కోపం కాక ఇంకేదో కనిపించింది.

"ఈ వయసులో సదువుతావా? నీ కూతురు సదువుతాదనుకున్నాను."

"ఇద్దరం చదువుతాం."

"నా కన్ను పోనాదని రాస్తే నీకు సీటిస్తారేటి?"

మేడం నన్నెందుకు పంపించారో అప్పుడు పూర్తిగా అర్థమైంది. ఆమె అడిగినదాంట్లో తప్పేముంది? ఆమెకి పోయింది కన్ను. నాకు రాబోయేది డిగ్రీ.

"వద్దంటే రాయనమ్మా. నిజంగానే," అన్నాను.

ఆమె మళ్లీ రాట్నం మీద చెయ్యి వేసింది. రెండు మూడు చుట్లు తిప్పింది. దారం సరిగ్గా వస్తోందో లేదో వేళ్లతో తడిమి చూసుకుంది.

"రాయి," అంది. "నా పేరు రాయకు. బుధారం అని రాయి. ఆ రోజు బుధారం అని తప్పకుండా రాయి. మాం రాలేక రానేదు గాని తెలీక కాదని రాయి."

సరేనని లేచాను. గడప దాటుతుంటే వెనక నుంచి, "ఒలె నర్సమ్మా, మా వీధిలో ఇంకా ఇద్దరున్నారు, కళ్లు కనబడక గోడ పట్టుకుని నడుస్తన్నారు. సదువులో పడి మరిసిపోకు," అని కేకేసింది. ఆ మాటతో నాకు కొంచెం ఊపిరాడింది. ఆమె నన్ను క్షమించిందో లేదో ఇప్పటికీ నాకు తెలియదు. నేనూ అడగలేదు. పని మాత్రం చెప్పింది.

ఆ సాయంత్రమే మేడంకి ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆమె అంతా విని, "మంచిది," అని పెట్టేశారు. తరవాత మూడు రోజులకి ఉత్తరం పంపించినట్టు మెసేజ్ వచ్చింది. ఆమె ఏం రాశారో నాకు చూపించలేదు. అది నియమమట.

వ్యాసం మొదట తెలుగులోనే రాశాను. శనివారం మధ్యాహ్నం కూర్చుంటే చీకటి పడకముందే అయిపోయింది. అంత తొందరగా నేనెప్పుడూ ఏదీ రాయలేదు. ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు మా అమ్మాయికీ నాకూ గొడవలయ్యాయి. అది పెద్ద పెద్ద మాటలు వేస్తుంది, నేను తీయిస్తాను. "అమ్మా, ఇంత సింపుల్‌గా ఉంటే నీకు ఇంగ్లీష్ రాదనుకుంటారు," అంది. "రాదు కదే మరి," అన్నాను. నవ్వుతూనే తీసేసింది. 'అవగాహన లేదు' అన్న చోట మాత్రం దాని చేతులు ఆగాయి. "నువ్వే రాశావా ఇది?" అని అడిగింది. రాశానన్నాను. మళ్లీ టైపు చేసింది. ఆ రాత్రి కంచాలు అదే కడిగింది.

గడువుకి ఒక రోజు ముందు పంపించాం. నెల తరవాత ఇంటర్వ్యూ అన్నారు, అదీ ఆదివారం పదకొండు గంటలకి. ఆదివారం అరసవల్లిలో సూర్యదేవుడి గుడికొచ్చే ఆటోల హారన్లు పొద్దున్నే మొదలై మధ్యాహ్నం దాకా ఆగవు. మా ఆయన సెలవు పెట్టి వచ్చి కిటికీలకి దుప్పట్లు కట్టాడు. గది ఉక్కపోతతో నిండిపోయింది. తెర మీద ముగ్గురు కనిపించారు. మొదట మామూలు ప్రశ్నలు వేశారు. తరవాత మధ్యలో ఉన్నావిడ వ్యాసం చదివానని చెప్పి అడిగింది: మీ ఊళ్లో నూలు వడికేవాళ్లు మొత్తం ఎంతమంది, అందులో ఎంతమందికి చూపు తగ్గింది?

నా దగ్గర జాబితా ఉంది. కానీ అది నేను వెళ్లినప్పుడు ఇంట్లో ఉన్నవాళ్ల జాబితా. ఆ వేళకి కూలికి వెళ్లినవాళ్లు, కూతురింటికి వెళ్లినవాళ్లు, బుధవారం పొందూరు వెళ్లినవాళ్లు అందులో లేరు. ఆ సంగతి నాకు ఆ నిమిషంలోనే తట్టింది. నాకు వచ్చిన ఇంగ్లీషులో చెప్పాను: తెలియదు మేడం. నాకు కనబడినవాళ్లనే లెక్కపెట్టాను. కనబడనివాళ్లని లెక్కపెట్టలేదు.

ఆవిడ తలూపి ఏదో రాసుకుంది. ఇంక అయిపోయిందనుకున్నాను. కిటికీ దుప్పట్లు విప్పుతూ మా ఆయన, "బానే సెప్పినావు," అన్నాడు. ఆయనకి ఇంగ్లీషు పెద్దగా అర్థం కాదు. అయినా ఆ మాట నాకు కావాలనిపించింది.

సీటు వచ్చింది. ఒక షరతు పెట్టారు. నా లెక్కల చదువు పదో తరగతితోనే ఆగింది కాబట్టి మొదటి సెమిస్టర్లో స్టాటిస్టిక్స్ అదనంగా ఒక చిన్న కోర్సు పూర్తిచేయాలి. డాక్టరమ్మ స్వీట్ల డబ్బా తెచ్చింది. విజయనగరం మేడంకి ఫోన్ చేస్తే, "ఇప్పుడు గుర్తుంటావులే," అన్నారు. నూలు వడికే ఆమెకి చెప్పడానికి వెళ్లినప్పుడు ఆమె ఇంట్లో లేదు. ఆమె చెప్పిన ఇద్దర్నీ అప్పటికే శ్రీకాకుళం పంపించాం. ఒకామెకి ఆపరేషన్ అయింది, ఇంకొకామెకి షుగరు తగ్గాక చేస్తామన్నారు.

చదువు నేననుకున్నంత తేలిక కాదు. మొదటి స్టాటిస్టిక్స్ పరీక్ష తప్పాను. స్నానాల గదిలోకి వెళ్లి కుళాయి తిప్పుకుని ఏడ్చాను. మర్నాటి నుంచి మా అమ్మాయి తన ఎంసెట్ పుస్తకాలు పక్కన పెట్టి రోజూ అరగంట నాకు లెక్కలు చెప్పడం మొదలుపెట్టింది. సగటు, మధ్యగతం అని మొదలుపెట్టి, నాకు అర్థం కాకపోతే విసుక్కుంటుంది, మళ్లీ చెబుతుంది. దానికి అంత ఓపిక ఉందని నాకు తెలియదు. క్లాసులో ఎక్కడెక్కడి వాళ్లో ఉన్నారు. పళ్ల డాక్టర్లున్నారు, ఫార్మసీ చదివినవాళ్లున్నారు. నా అంత వయసు వాళ్లు ఇంకో ఇద్దరు. మైకు ఆన్ చేసి మాట్లాడాలంటే ఇప్పటికీ ముందు కాగితం మీద రాసుకుంటాను.

రెండోసారి రాసిన పరీక్ష మార్కులు నిన్న వచ్చాయి. బొటాబొటీ మార్కులతో గట్టెక్కాను. మా ఆయన కొత్తవలస నుంచి ఫోన్ చేసి, పాసయ్యావా అని అడక్కుండా, "అన్నం తిన్నావా?" అని అడిగాడు. తిన్నానని చెప్పాను.